బళ్ళో వేడన్నమే పెట్టాలా?

మా వాడి బాక్సు నేను పొద్దున ఆరున్నరకి కడతాను, వాడు తినేది పన్నెండున్నరకి. మధ్యలో ఆరు గంటలు ఆ బాక్సు బ్యాగులో పుస్తకాల కింద నలుగుతుంటుంది, చల్లారిపోతుంది, కూర నూనె తేలి అంచులకి చేరుతుంది, అయినా వాడు తింటున్నాడు, రాయిలా ఉన్నాడు. మేమూ చిన్నప్పుడు క్యారేజీ అన్నం చల్లదే తిన్నాం. అందుకే మొన్న ఒక ఫంక్షన్లో మా బంధువు ఒకాయన "ఈ గవర్నమెంటు బళ్ళల్లో మధ్యాహ్న భోజన పథకమని వంటషెడ్లు, గుండిగలు, పొగ, ఈ గోలంతా ఎందుకమ్మా, తలా ఒక బిస్కెట్ ప్యాకెట్టు, ఒక అరటిపండు ఇచ్చేస్తే పోలా" అంటే నేను కూడా నిజమే కదా అని తలూపేసాను.

అక్కడే కూర్చునుంది మా పిన్ని. ఊళ్ళో ప్రైమరీ స్కూల్లో వంట చేస్తుంది, పదేళ్ళు దాటింది. ఆవిడ అక్కడ ఏం మాట్లాడలేదు, వచ్చేటప్పుడు మాత్రం "ఒక రోజు రావే మా బడికి, తీరిక చూసుకుని" అంది. డిసెంబర్లో మా వాడికి యాన్యువల్ డే మర్నాడు సెలవిస్తే వాణ్ణి వేసుకుని వెళ్ళాను.

తొమ్మిదింటికే షెడ్డులో ఉంది పిన్ని. తొమ్మిదిన్నర దాటాక హెడ్మాస్టర్ గారు కిటికీలోంచి "యాభై ఏడు" అన్నారు, ఆ రోజు హాజరు అన్నమాట, బళ్ళో మొత్తం అరవై రెండు మంది. ప్రైమరీ పిల్లకి తలా 100 గ్రాముల బియ్యం లెక్క, హైస్కూలు వైపు వెళ్తే 150. అంటే అయిదు కిలోల ఏడు వందల గ్రాములు, పిన్ని కాటా పెట్టలేదు, డబ్బాతో కొలిచి పైన ఒక గుప్పెడు వేసింది. "ఎవడో ఒకడు మారు అడుగుతాడు" అంది.

నేను ఆ లెక్కలు తర్వాత ఇంటికొచ్చి వేసుకున్నాను, నాకు అలా ఒక పిచ్చి. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ప్రైమరీ పిల్లకి రోజూ 450 క్యాలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ అందాలి. వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 క్యాలరీలు వచ్చేస్తాయి, ప్రొటీన్ మాత్రం ఏడు గ్రాముల దగ్గర ఆగిపోద్ది, మిగతాది పప్పే లాగాలి, గుడ్డు పెడితే ఇంకో ఆరు గ్రాములు. బిస్కెట్ ప్యాకెట్టుతో క్యాలరీలు కొట్టేయొచ్చు, మైదా పంచదార నూనె కలిపితే ఎందుకు రావు, ప్రొటీన్ ఎక్కణ్ణించి తెస్తారు? ఇంకో సంగతి, మా బంధువు గారిది కొత్త ఐడియా ఏం కాదు. 2007-08 ప్రాంతంలో బిస్కెట్ తయారీదారుల సంఘం ఎంపీలకి ఉత్తరాలు రాసింది, అన్నం బదులు బిస్కెట్లు పెట్టండి అని, కొందరు ఎంపీలు దానికి వంత పాడి సిఫార్సులు కూడా పంపారు, పని మాత్రం జరగలేదు.

సరే, బిస్కెట్లు వదిలేద్దాం. బియ్యమే ఇచ్చేస్తే? అదీ అయింది మన దేశంలో. 1995 ఆగస్టు 15న కేంద్రం ఈ పథకం మొదలెట్టినప్పుడు వండి పెట్టిన రాష్ట్రాలు తక్కువ, తమిళనాడు లాంటివి అంతకు ముందు నించే పెడుతున్నాయి, చాలా చోట్ల పిల్లకి నెలకి మూడు కిలోల ధాన్యం చేతిలో పెట్టి పంపేవాళ్ళు. ఆ మూడు కిలోలు ఇంట్లో బియ్యం డ్రమ్ములో పడ్డాక ఎవరివి ఎవరు తిన్నారని చూస్తాం, ఇంటిల్లిపాదీ తింటారు, తప్పేముంది. కానీ బళ్ళో మధ్యాహ్నం పిల్ల కడుపు మాత్రం అలాగే ఉంటుంది కదా. 2001 నవంబర్ 28న సుప్రీం కోర్టు వండిన భోజనమే పెట్టాలని ఆర్డరు వేసింది, కనీసం 300 క్యాలరీలు, ఏడాదికి కనీసం 200 రోజులు అని కూడా రాసింది. మన దగ్గర వండి పెట్టడం 2003 నించి. తర్వాత కరోనాలో బళ్ళు మూసినప్పుడు మళ్ళీ బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇంటికి పంచారు, అప్పుడు వేరే దారి లేదు.

నేనైతే పిన్నిని సూటిగానే అడిగాను. "చల్లదైతే ఏమవుద్ది పిన్నీ, మా వాడు రోజూ చల్లదేగా తినేది?"

పిన్ని పప్పు ఎనుపుతూ "నీ కొడుకు బాక్సు నువ్వు కట్టావే. పొద్దున ఏదో టిఫిన్ పెట్టే పంపి ఉంటావు కదా. ఇక్కడ నాట్లప్పుడు ఆడాళ్ళు ఆరింటికి పొలానికి పోతారు, ఈ పిల్లల్లో సగం మంది టీ తాగి వస్తారు, వాళ్ళకిది మధ్యాహ్నం అన్నం కాదు, ఇదే మొదటి ముద్ద" అంది.

నాకు నోట మాట రాలేదు.

పన్నెండున్నరకి బెల్లు. పిల్లలు ప్లేట్లు కడుక్కుని వరసలో నించున్నారు. పిన్ని మొదటి ప్లేటు హెడ్మాస్టర్ గారికి పంపింది, పిల్లలకి వడ్డించే ముందు టీచరు రుచి చూడాలని రూలు. 2013 జులైలో బీహార్లో ఒక బళ్ళో పురుగుమందు కలిసిన నూనెతో వండిన అన్నం తిని 23 మంది పిల్లలు చనిపోయారు, ఆ రోజు వంట మనిషి నూనె వాసన తేడాగా ఉందని చెప్పినా పట్టించుకోలేదని పేపర్లో చదివిన గుర్తు. అందుకే పిన్ని అన్నం చూసినప్పుడల్లా నాకు లోపల ఒక చిన్న భయం కూడా ఉంటుంది, అబద్ధం ఎందుకు. కానీ ఆ షెడ్డులో ఏం జరుగుతుందో పిల్లలకీ టీచర్లకీ కనిపిస్తూనే ఉంటుంది, తాలింపు వాసన మూడో క్లాసు దాకా వస్తుంది, పప్పు మాడితే ఊరందరికీ తెలిసిపోద్ది.

నా ఎదురుగా ఒక రెండో క్లాసు పిల్లాడు కూర్చున్నాడు. అన్నం కుప్ప మధ్యలో వేలితో గుంట చేసాడు, పప్పుచారు పక్కకి కారిపోకుండా. వేలు కాలింది, నోట్లో పెట్టుకున్నాడు, మళ్ళీ చేసాడు. గుడ్డు పెంకుతోనే ఇచ్చింది పిన్ని, వాడు దాన్ని మోకాలికి కొట్టి ఒలుచుకుంటున్నాడు, పెంకుతో పాటు తెల్ల సొన కూడా ఊడొస్తుంటే తిట్టుకుంటున్నాడు. ఒలిచి ఇవ్వొచ్చు కదా పిన్నీ అన్నాను. "ఒలిచిస్తే సగం కోసి పెట్టామంటారు, పెంకుతో ఇస్తే ఎవడి గుడ్డు వాడికి" అంది. అన్నం వేడి కూడా నాకు అట్లాంటిదే అనిపించింది. పోషకాల సంగతి చూస్తే వేడి అన్నానికీ చల్ల అన్నానికీ పెద్ద తేడా లేదు, కాకపోతే పొగ వస్తుందంటే అది ఇవాళే, ఇక్కడే వండారన్న మాట, పిల్లాడికి కూడా అర్థమయ్యే లెక్క.

టౌన్లలో పెద్ద కిచెన్లో ఒకే చోట వేల మందికి వండి వ్యాన్లలో పంపుతారు. నేను దాన్ని తీసిపారెయ్యను, షెడ్డుకి జాగా లేని బళ్ళున్నాయి, ఆవిరితో వండుతారు, శుభ్రం కూడా బాగుంటుంది. కానీ తెల్లారకముందే వండాలి, డబ్బాల్లో మూత వేసాక అన్నం చెమ్మ పట్టి ముద్దవుద్ది, దూరం పెరిగే కొద్దీ వేడి పోతుంది. 60 డిగ్రీల పైన ఉన్నంత సేపు భయం లేదు, గోరువెచ్చకి దిగితే అన్నంలో బ్యాక్టీరియా పెరగడం మొదలు. అందులో ఒక రకం వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అంటే అటు పొగలొచ్చే వేడీ ఇటు ఫ్రిజ్ చల్లదనమూ కాకుండా మధ్యలో ఉన్నదే ప్రమాదం.

పోతే ఈ వేడి వెనకున్న మనుషుల సంగతి. పిన్నికి నెలకి మూడు వేలు, ఏడాదికి పది నెలలే. ఇరవై ఆరు నించి వంద మంది పిల్లల దాకా ఇద్దరు వంటవాళ్ళు, అది రూలు. కూరగాయల బిల్లు ఆలస్యమైతే కిరాణా కొట్టులో అప్పు పెట్టేది పిన్నే, ఒకసారి మూడు నెలలు ఆగిందట, చెవి దిద్దులు కుదువ పెట్టానని నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. పప్పు పల్చగా ఉందని అందరం అంటాం కదా, నేనూ అన్నాను.

మా వాడు ఆ రోజు అక్కడే తిన్నాడు. ఇంట్లో పప్పుచారంటే మొహం తిప్పేవాడు మారు అడిగాడు, పిన్ని గుప్పెడు ఎక్కువ వేసింది అందుకే కాబోలు. కార్లో వస్తూ "అమ్మా నాక్కూడా వేడన్నం కావాలి" అని గొడవ. సరేలే అని ఒక హాట్ బాక్స్ కొన్నాను. నాలుగు రోజులు తీసుకెళ్ళాడు, అయిదో రోజు అన్నానికి చెమట వాసనొస్తుందని వాపసు తెచ్చాడు, తడిమి చూస్తే గోరువెచ్చగా ఉంది, ఇందాక చెప్పానే, అదే. ఇప్పుడు మళ్ళీ పాత బాక్సులోనే పెరుగన్నం కడుతున్నాను, హాట్ బాక్సు రాత్రి చపాతీలకి వాడుతున్నాం.