మూడు ఓంల కాయిల్

నాన్న కొన్న 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. పోయిన వేసవిలో విజయవాడ నుంచి గుంటూరు వెళ్తుంటే మంగళగిరి దాటాక జర్కులిచ్చి ఆగిపోయింది. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజను అందుకోవట్లేదు. ఎండకి పెట్రోలు ఆవిరై పంపు పట్టేసిందేమోనని దానిమీద తడిగుడ్డ వేశాను. ఫలితం లేదు. అదే గుడ్డ ఇగ్నిషన్ కాయిల్‌కి (ప్లగ్గుల్లో స్పార్కు వచ్చేలా బ్యాటరీ వోల్టేజీని పెంచే డబ్బాకి) చుట్టి పది నిమిషాలు ఆగితే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. దోషం ఎక్కడుందో అప్పుడే తెలిసింది.

ఇంటికొచ్చి ఓంలు కొలిచే మీటరు కాయిల్‌కి పెడితే అన్నీ సరిగ్గానే ఉన్నట్టు చూపించింది. అప్పటికి కాయిల్ చల్లారిపోయింది మరి. మర్నాడు బండి అరగంట తిప్పి, వేడిగా ఉండగానే చూశాను. స్పార్కు వైరు దిగే మధ్య టవర్‌కీ మైనస్ టెర్మినల్‌కీ నడుమ చల్లగా ఉన్నప్పుడు 8 వేల ఓంలు చూపిన మీటరు ఈసారి అసలు కదల్లేదు. లోపలి తీగ వేడికి విడిపోతోందన్నమాట.

ఆటోనగర్‌లో ఒక కొట్టతను పాత కాయిల్ చూసి, అచ్చం అలాంటిదే తీసిచ్చాడు. అదే సైజు, అదే క్లాంపు. బిగించాను. మూడు వారాలకే బండి మళ్ళీ మొండికేసింది. స్పార్కును ఒక్కో ప్లగ్గుకి పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే, కాయిల్ కరెంటును కలిపి తెంచే పాయింట్లు నీలంగా మాడి, ఒకవైపు గుంట పడి ఉన్నాయి.

నాన్న కాలం నుంచీ మా బండి చూసే మెకానిక్ బాబాయ్ దగ్గరికి పట్టుకెళ్ళాను. "ఓంలు చూశావా బాబూ?" అన్నాడు. చూడలేదు. ప్లస్, మైనస్ మధ్య కొలిస్తే 1.5. అది కరెంటు తగ్గించే రెసిస్టర్‌తో కలిపి వాడాల్సిన కాయిల్. మా పద్మినికి రెసిస్టర్ లేదు, బ్యాటరీ కరెంటు నేరుగా కాయిల్‌కే వస్తుంది. 12 వోల్టులకి మా బండికి కావాల్సిన 3 ఓంలుంటే 4 ఆంపియర్లు. 1.5 అయితే 8. అంత కరెంటు ఆ చిన్న పాయింట్ల గుండా పోతే మాడక ఏమవుతాయి? చూడటానికి ఒకేలా ఉన్నంత మాత్రాన కాయిల్ కొనకూడదని నాకు ఆ మాడిన పాయింట్లే నేర్పాయి.

రెసిస్టర్ కలిపితే ఆ కాయిలే పనిచేసేది. కానీ ఇంకో జాయింటు, ఇంకో తలనొప్పి ఎందుకని వద్దనుకున్నాను. ఈసారి మీటరు జేబులో పెట్టుకుని వెళ్ళాను. ముందు మీటరు వైర్లు రెండూ ఆనించి చూస్తే 0.2 చూపించింది. అది తీసేయాలి, ఇంత చిన్న కొలతల్లో ఆ తేడాయే పెద్దది. మూడో కొట్లో 3.2 చూపిన కాయిల్ దొరికింది, అంటే అసలు 3. కొట్టతను కూడా ఓపిగ్గా నాలుగు డబ్బాలు విప్పి చూపించాడు.

పాయింట్లు, కండెన్సర్ కొత్తవి వేశాం. మైనస్ వైరు డిస్ట్రిబ్యూటర్ వైపే వెళ్ళేలా బాబాయ్ రెండుసార్లు సరిచూశాడు. తిరగేసినా బండి నడుస్తుంది గానీ స్పార్కు బలం తగ్గుతుందట.

అదే వారం మళ్ళీ గుంటూరు బయల్దేరాను. వారధి మీద ట్రాఫిక్‌లో చాలాసేపు ఇరుక్కున్నా ఇంజను ఒక్కసారి కూడా తడబడలేదు. గుంటూరులో దిగగానే బానెట్ ఎత్తి కాయిల్ మీద చెయ్యి పెట్టాను. వేడిగానే ఉంది, కానీ చెయ్యి తీయాల్సినంత లేదు.