కొత్త ఇంజన్ అందుకుంది!
మోడల్ విమానానికి తెచ్చిన 20 సీసీ పెట్రోల్ ఇంజన్ ఇవాళ మోగింది. చోక్ వేసి ప్రాపెల్లర్ తిప్పుతుంటే 'టప్'మని ఒక్క దగ్గు. చోక్ తీసి మళ్లీ తిప్పగానే అందుకుంది. లీటరు పెట్రోలుకి 33 మి.లీ. టూ స్ట్రోక్ ఆయిల్, అంటే 30:1. ప్రస్తుతానికి మినరల్ ఆయిలే. సింథటిక్ మరీ జారుడు, పిస్టన్ రింగు సిలిండర్ గోడకి ఒరుసుకుని కూర్చోదంటారు. హై నీడిల్ (ఫుల్ స్పీడులో పెట్రోలు ఎంత వెళ్లాలో సరిచేసే స్క్రూ) కాస్త రిచ్‌గానే, అంటే పెట్రోలు ఎక్కువ వెళ్లేలానే వదిలా. కొత్త ఇంజన్ కుదురుకోవాలని నేలమీద గంటలకొద్దీ ఒకే స్పీడులో తిప్పితే వేడెక్కడం తప్ప ఒరిగేదేమీ లేదని నా నమ్మకం. థ్రాటిల్ పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి, అసలు పని గాల్లోనే. మఫ్లర్ నుంచి నల్లటి జిడ్డు కారుతోంది, ఐడిల్‌లో (థ్రాటిల్ తగ్గించి నెమ్మదిగా తిరిగేటప్పుడు) ఇంకా కుంటుతోంది. మా ఆవిడైతే చొక్కా వాసన చూసి "బంకులో గానీ పడుకున్నారా?" అంది. ఇంకో రెండు మూడు ట్యాంకులు తాగితే గానీ నీడిల్స్ జోలికి పోను.