బ్యారేజీ నుంచి సూర్యలంక దాకా: బెజవాడ పరుగు దారులు

ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. గేట్లు 70. బెజవాడలో పరుగెత్తేవాళ్లకు ఈ రెండు అంకెలూ నోటికి వచ్చి ఉండాలి. లెక్క వేస్తే గేటుకు సగటున పదిహేడున్నర మీటర్లు. 23 గేట్లు దాటితే 400 మీటర్లు, 57 దాటితే కిలోమీటరు. అటు కొసకు వెళ్లి వస్తే 2.45 కిలోమీటర్లు. నాలుగుసార్లు వెళ్లొస్తే 9.8 అవుతుంది, పది నిండాలంటే ఇంకో ఆరు గేట్ల దాకా వెళ్లి వెనక్కి తిరగాలి. చేతికి వాచీ లేకపోయినా గేట్ల స్తంభాలు లెక్కపెట్టుకుంటూ 400 మీటర్ల వేగం పరుగులు చేసుకోవచ్చు. ఇంత నమ్మకమైన కొలత ఊళ్లో ఇంకే రోడ్డు మీదా దొరకదు.

బ్యారేజీ మీద సిగ్నల్ లేదు, అడ్డదారి లేదు, ఎత్తుపల్లాలు లేవు. భారీ వాహనాలను రానివ్వరు. బైకులూ ఆటోలూ కార్లూ మాత్రం బాగా తిరుగుతాయి. ఉదయం ఐదు నుంచి ఆరున్నర వరకు హాయిగా ఉంటుంది. ఏడు దాటితే అటు తాడేపల్లి నుంచీ ఇటు ఊళ్లోంచీ ఆఫీసులకీ కాలేజీలకీ వెళ్లే బళ్లు మొదలవుతాయి, ఇక పరుగు మానేసి నడవడం మంచిది. ఫుట్‌పాత్ ఇరుకు. వాకింగుకు వచ్చే పెద్దవాళ్లు ఇద్దరిద్దరుగా నడుస్తుంటారు, వాళ్ల మధ్యలోంచి దూరి పరుగెత్తకూడదు. రోడ్డు అంచున పరుగెత్తేటట్లయితే ఎదురుగా వచ్చే బండి కనిపించే వైపే ఉండాలి, అంటే మీ కుడి పక్క. చీకట్లో నల్ల టీషర్టు వేసుకుంటే ఆటోవాడికి మీరు కనిపించరు. పసుపో తెలుపో వేసుకోండి, వీపు మీద మెరిసే పట్టీ ఉంటే ఇంకా మేలు.

స్లాబుల మధ్య అతుకుల దగ్గర ఒక్క క్షణం కిందికి చూడండి. పొడిగా ఉన్నప్పుడు కాలికి తెలియను కూడా తెలియవు, వాన పడితే మాత్రం అక్కడే జారుతుంది. అతుకు మీద మడమ పెట్టకుండా, అడుగు కాస్త చిన్నది చేసి దాటేయాలి.

బ్యారేజీ ఉత్తర దక్షిణాలుగా ఉంది కాబట్టి పొద్దున ఎండ కళ్లలో పడదు. దక్షిణపు కొసనున్న సీతానగరం వైపు వెళ్తుంటే ఎడమ చెంపకు, తిరిగి వస్తుంటే కుడి చెంపకు తగులుతుంది. జూన్, జూలైలో పడమటి గాలి నీళ్ల మీదుగా పక్క నుంచి కొడుతుంది. రానూ పోనూ ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి వేగం పరీక్షించుకోవడానికి ఆ రోజులు కూడా పనికొస్తాయి.

వానాకాలంలో లెక్క మారుతుంది. ఎగువ నుంచి నీళ్లు వచ్చి గేట్లు ఎత్తితే చూడటానికి జనం వస్తారు, రెయిలింగు పొడవునా ఫోన్లు పట్టుకుని నిలబడతారు. ఆ రోజుల్లో తెల్లవారకముందే పని ముగించుకోవాలి, లేదా వేరే దారి చూసుకోవాలి. వరద 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 5.69 లక్షలకు రెండోది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే ఘాట్ల వైపు అసలు వెళ్లకండి. 2024 సెప్టెంబరు 2న ఇక్కడ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి వరద ముందు పరుగు గురించి మాట్లాడుకోవడమే తప్పు.

బ్యారేజీ అలవాటయ్యాక సీతానగరం దిగి ఉండవల్లి వైపు తిరగండి. బ్యారేజీ ఆ కొస నుంచి ఉండవల్లి గుహల దాకా సుమారు రెండున్నర మూడు కిలోమీటర్లు. బెజవాడ కొస నుంచి బయల్దేరి గుహల ముందు నుంచి తిరిగి వస్తే దాదాపు ఎనిమిది కిలోమీటర్లు. ఆదివారం దూరపు పరుగుకు చక్కని మొదటి మెట్టు ఇది. తెల్లవారుజామున కూరగాయల బళ్లూ పాల బళ్లూ వస్తుంటాయి, రోడ్డు అంచు కొన్నిచోట్ల మట్టిలోకి దిగిపోతుంది, చీలమండ మెలిపడేది అక్కడే. కరకట్ట రోడ్డు చూడటానికి అందంగా ఉంటుంది, ఒక పక్క ఏరు, ఒక పక్క తోటలు. కానీ ఇరుకు, మలుపుల దగ్గర ఎదురు బండి కనిపించదు. చెవుల్లో పాటలు పెట్టుకుని ఆ రోడ్డెక్కవద్దు. హైవే మీదున్న కనకదుర్గ వారధి వైపయితే ఏ వేళా వెళ్లకండి, అది లారీల దారి.

బస్టాండు పక్కనున్న పద్మావతి ఘాట్, కృష్ణవేణి ఘాట్ మెట్లు కాళ్ల బలానికి బాగుంటాయి. పరుగెత్తుతూ ఎక్కి, నడుస్తూ దిగాలి. మోకాలు దెబ్బతినేది దిగేటప్పుడే. పది నిమిషాలు చాలు. నీళ్లకు దగ్గరగా ఉన్న మెట్లకు పాచి పట్టి ఉంటుంది, పైనున్న పొడి మెట్ల దగ్గరే ఆగిపోండి.

నది దాకా రాలేని సత్యనారాయణపురం, గుణదల వాళ్లకు, బస్సుల కోసమని వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు ఉంది. ఒకప్పుడు రైలు పట్టాలున్న దారి కాబట్టి తిన్నగా, చదునుగా ఉంటుంది. కుక్కల బెడద ఉంది. మీద మీదకు వస్తే పరుగు ఆపి, వెన్ను చూపకుండా మెల్లగా నడిచి దాటాలి. కాలవ గట్లు మ్యాప్‌లో ఊరిస్తాయి గానీ బందరు కాలవైనా ఏలూరు కాలవైనా గట్టు చాలాచోట్ల తెగిపోయి మళ్లీ ట్రాఫిక్‌లోకే తోస్తుంది.

కొండ ఎక్కి పరుగెత్తాలంటే ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు వద్దు. భక్తులు చెప్పుల్లేకుండా నడిచే దారి అది, దసరాల్లోనూ భవానీ దీక్షలు విరమించే రోజుల్లోనూ అడుగు పెట్టే సందుండదు. వాన పడిన నాలుగైదు రోజుల దాకా ఊళ్లో ఏ కొండ పక్క రోడ్డయినా వదిలేయాల్సిందే. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. నానిన బండ ఎండ కాశాక కూడా జారుతుంది.

ఇక ఉక్కపోత. తెల్లవారుజామున చల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు, కానీ గాలిలో తేమ ఎక్కువగా ఉండేది కూడా అప్పుడే. చెమట కారుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అందుకే ఏప్రిల్ నుంచి జూన్ వరకు వాచీలో వేగం చూడటం మానేసి, పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరుగెత్తాలి. పరుగుకు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే దాదాపు లీటరు నీళ్లు పోయినట్టే. గంట దాటే పరుగుకు ఉత్త నీళ్లు చాలవు. లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి నిమ్మకాయ పిండుకుంటే సరిపోతుంది. ఉప్పు అంతకు మించితే వాంతి వస్తుంది. ఎండలో ఉండగా రోమాలు నిక్కబొడుచుకుని చలి పుట్టినా, మాట తడబడినా వెంటనే ఆగి నీడకు చేరి తల, మెడ తడుపుకోవాలి. మరో కిలోమీటరే కదా అని లాగకండి.

సముద్రం పక్కన పరుగెత్తాలన్న కోరిక ఉంటే సూర్యలంకకు వెళ్లండి. బెజవాడ నుంచి తెనాలి మీదుగా బాపట్ల రైల్లో సుమారు 75 కిలోమీటర్లు, స్టేషన్ నుంచి తీరం ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు. ఆ రోడ్డే ఒక పరుగు దారి. మంగినపూడి బీచికి బందరు మీదుగా వెళ్లడం తేలికే, అక్కడ నీళ్లూ లోతు తక్కువే. కానీ అడుగున బంకమట్టి, కాలు దిగబడుతుంది. పరుగుకు సూర్యలంక ఇసుకే మేలు.

ఇసుకలో పరుగంతా ఆటుపోట్ల మీదే ఆధారపడి ఉంటుంది. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే తడి ఇసుక గట్టిగా, రోడ్డులా ఉంటుంది. పోటు మీద ఉంటే మిగిలేది పైనున్న పొడి ఇసుకే, అందులో రెండు కిలోమీటర్లకే పిక్కలు పట్టేస్తాయి. మన తీరంలో పున్నమికీ అమావాస్యకీ పోటు ఉదయం ఎనిమిది తొమ్మిది ప్రాంతాల్లో వస్తుంది, ఆ తర్వాత రోజుకు సుమారు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. అందుకని అష్టమికి దగ్గరగా వచ్చే ఆదివారం ఎంచుకుంటే పొద్దుట గట్టి ఇసుక దొరుకుతుంది. బయల్దేరే ముందు ఆటుపోట్ల పట్టిక చూసుకోండి, లేదా తీరంలో వలలు సర్దుకుంటున్నవాళ్లను అడగండి, వాళ్లు సముద్రం చూసి చెప్పేస్తారు.

తీరం నీళ్లవైపు వాలి ఉంటుంది. ఒకే వైపు చాలాసేపు పరుగెత్తితే పల్లం వైపు కాలు ఎక్కువ సాగి మోకాలి బయటి పక్క నొప్పి పుడుతుంది. పావుగంట అటు, పావుగంట ఇటు మార్చుకోండి. చెప్పుల్లేకుండా అయితే మొదటిసారి పదిహేను నిమిషాలు మించవద్దు, మడమ వెనక నరం అంత త్వరగా అలవాటు పడదు. పడవలు కట్టిన తాళ్లు ఇసుకలో సగం పూడి ఉంటాయి, గవ్వ ముక్కలూ గాలాలూ ఉంటాయి. పొద్దెక్కేకొద్దీ గాలి సముద్రం మీంచి ఊళ్లోకి మళ్లుతుంది, ఎనిమిదిన్నరకల్లా ముగించండి. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. చీకట్లో తల లైటు వేసుకుని పరుగెత్తకండి, వెలుగు చూసి అవి వెనక్కి తిరిగిపోతాయి. చెమట పోవాలని లోతు నీళ్లలోకి దిగవద్దు, అలసిన కాళ్లతో లోపలికి లాగే నీటికి ఎదురు ఈదలేరు.

ఇంటికొచ్చాక బూట్లలోని ఇసుక దులిపి, మంచినీళ్లతో ఉప్పు పోయేలా కడిగి, లోపలి అట్ట తీసి, న్యూస్‌పేపర్ కుక్కి నీడలో ఆరబెట్టండి. మన ఎండలో పెడితే అడుగున అంటించిన జిగురు ఊడిపోతుంది.