కొత్త కొలతలు

కడపలో వై.వి. స్ట్రీట్ వెనక సందులో రవికలు కుట్టడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లు దాటింది. ఆడవాళ్ల వయసు నాకు ముఖంలో కన్నా ముందు వీపు మీద తెలుస్తుంది. యాభై దాటాక చాలామందికి వీపు కాస్త గుండ్రమవుతుంది, భుజాలు ముందుకు వాలుతాయి. అప్పుడు రవిక వెనక పొడవు పెంచి, ముందు పొడవు తగ్గించాలి. "అక్కా, ఈ ఆది రవిక ప్రకారమే కుట్టు" అని పదేళ్ల నాటిది తెచ్చి ఇచ్చినా నేను టేపు తీయకుండా ఊరుకోను. పాత కొలతతో కుడితే వెనక అంచు పైకి లేస్తుంది, ముందు ముడతలు పడుతుంది. ఒంటికి తగ్గట్టు గుడ్డ మారాలి తప్ప గుడ్డకు తగ్గట్టు ఒళ్లు మారదు కదా.

నా ఒంట్లో మార్పులు కూడా ఒక్కరోజులో రాలేదు. నలభైల్లోనే సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది. కంట్లోని కటకం వయసుతో బిగుసుకుపోతుందని, అది అందరికీ వచ్చేదేనని కళ్లద్దాలు ఇచ్చినాయన చెప్పారు. దానికి నేను బాధపడలేదు. యాభై అయిదు దాటాక మాత్రం లోపావడాలు నేలకు రాసుకోవడం మొదలైంది. నేనే కొలిచి కుట్టుకున్నవి. ఉతికితే నూలుగుడ్డ కుంచించుకుపోతుంది గానీ పొడుగవదు. ఆ సంగతి తెలిసిన దాన్ని కాబట్టి మనసులో ఏదో గుబులు మొదలైంది.

పోయిన వానాకాలంలో పెరట్లో బట్టలు ఆరేస్తూ పాచి మీద జారాను. కుడిచేయి నేలకు ఆనించి పడ్డాను, అంతే. మణికట్టు వాచి వంకర తిరిగింది. ఎముకను సరిచేసి కట్టు వేశాక డాక్టరు అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "నిల్చున్న చోట జారి పడితేనే ఎముక విరిగిందంటే, చేతికి కట్టు వేసి వదిలేయకూడదమ్మా. ఎముకల బలం చూడాలి."

డెక్సా స్కాన్ తీశారు. మంచం లాంటి బల్ల మీద పడుకుంటే నడుము, తుంటి ఎముకల సాంద్రత కొలుస్తారు, నొప్పేమీ ఉండదు. ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకతో పోల్చి ఒక అంకె ఇస్తారు. దాన్ని టీ-స్కోరు అంటారు. మైనస్ 1 వరకు ఫరవాలేదు. మైనస్ 2.5 గానీ, అంతకన్నా కింద గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టే. నాకు మైనస్ 2.8 వచ్చింది. వెన్ను ఎక్స్‌రేలో ఒక పూస ముందువైపు కుంగి ఉంది. అది ఎప్పుడు కుంగిందో నాకు తెలియనే తెలియదు. ఇలాంటివి చాలావరకు నొప్పి లేకుండానే జరిగిపోతాయట. లోపావడా ఎందుకు నేలను తాకిందో అప్పుడు అర్థమైంది.

ఎముకలో పాతది కరుగుతూ కొత్తది చేరుతూ ఉంటుందని, ముట్లు ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గి కరిగేదే ఎక్కువవుతుందని డాక్టరు వివరించారు. ఉతికి ఉతికి పలచనైన వాయిలు చీర నా కళ్లముందు కదిలింది. చూడటానికి చీరలాగే ఉంటుంది, వేలు తగిలితే చిరుగుతుంది. ఆ రాత్రి మా జేజి గుర్తొచ్చి ఏడ్చాను. చివరి రోజుల్లో ఆమె నడుము పూర్తిగా వంగిపోయి, మాతో మాట్లాడాలంటే మెడ పైకెత్తాల్సి వచ్చేది. ముసలితనం అంతేలే అనుకున్నాం అందరం. ఆమె ఎముకలను చూసిన వాళ్లు ఎవరూ లేరు.

కట్టు నెలన్నర ఉంది. విప్పాక నా చేయి నాకే కొత్తగా ఉంది. సన్నబడి, చర్మం పొట్టు లేచి, మణికట్టు తిరగకుండా బిగుసుకుపోయింది. గోరువెచ్చని నీళ్లలో ముంచి అరచేయి పైకీ కిందికీ తిప్పడం, మెత్తటి బంతి నొక్కడం ఇచ్చారు. బంతి నొక్కగలిగినా కత్తెర పట్టలేకపోయాను. మా కోడలు పాత గుడ్డముక్కలు తెచ్చి ముందు పెట్టేది. "అత్తా, తిన్నగా రాకపోయినా ఫరవాలేదు, కత్తిరించు" అనేది. తొలి రోజుల్లో పలచటి మల్లు గుడ్డ కూడా తెగలేదు. దసరా నాటికి లైనింగు గుడ్డ తెగింది. పట్టు రవిక కత్తిరించడానికి సంక్రాంతి దాటింది.

మందు వారానికి ఒక మాత్ర. పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో మింగి అరగంట పాటు పడుకోకూడదు, టీ కాఫీలు తాగకూడదు. ఆ అరగంట నేను దేవుని కడప చెరువు గట్టు మీద నడుస్తాను. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో ఉంటూ నాకు విటమిన్ డి తక్కువగా ఉందంటే మొదట నమ్మలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిషను ముందు నీడలోనే కూర్చునేదాన్ని మరి. ఇక తిండి. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పాలిష్ బియ్యంలో నామమాత్రం. ఇంటి సంగటి వదిలి మూడు పూటలా తెల్లన్నం తినడం మన సీమ ఇళ్లలో గొప్పగా మారినందుకు నాకు నిజంగా బాధగా ఉంది. మా ఇంట్లో రాత్రిపూట సంగటి, ఊరుబిండి మళ్లీ మొదలయ్యాయి. సంగటి ఒక్కటే ఎముకను నిలబెట్టదు, మందు మానకూడదు. ఈ మాట తెలిసిన వాళ్లందరికీ చెబుతున్నాను.

తగ్గిన ఎత్తు తిరిగి రాదని డాక్టరు చెప్పారు. లోపావడాలన్నీ అంచు మడిచి కుట్టుకున్నాను. కోడలి చేత కొలిపించుకుని వెనక పొడవు పెంచి, ముందు తగ్గించి నాకొక కొత్త ఆది రవిక కుట్టుకున్నాను. ఒంటికి చక్కగా అమరింది. ఇప్పుడు రోజుకు తక్కువ రవికలే ఒప్పుకుంటున్నాను. వెనక పొడవు మారిన వాళ్లు వస్తే కొలత రాసుకుని, ముట్లు ఆగి ఎన్నేళ్లయిందో అడిగి, స్కాన్ గురించి చెబుతున్నాను. కొందరు నొచ్చుకుంటారు. ఎదురింటి వదిన మాత్రం వెళ్లి తీయించుకుంది. ఆమెది మైనస్ 1.9. ఇప్పుడు చెరువు గట్టు మీదికి ఇద్దరం కలిసే వెళ్తున్నాం.