కార్దోన్ల సీమలో నాయనతో నాలుగు రోజులు

మా నాయన శాన్ డియాగోకు వచ్చిన మూడో వారంలో ఒక సాయంత్రం, మా ఇంటి ఆవరణలో అలంకారానికి నాటిన నిలువెత్తు కాక్టస్ ముందు ఆగి, "ఇదేంది పాపా, గట్ల మీద కంచెకేసే బొమ్మజెముడును ఈడ పూలమొక్క మాదిరి పెంచినారు?" అని అడిగాడు. ఆయన కళ్యాణదుర్గం వైపు నలభై ఏళ్లు వేరుశనగ పండించిన మనిషి. ముళ్లుండి ఆకులు లేని ప్రతి మొక్కనూ జెముడు అనే పిలుస్తాడు. నేనూ చిన్నప్పటి నుంచి అలాగే పిలిచాను. అది జెముడు కాదని చెప్పబోయి ఆగిపోయాను. మాటలతో చెప్పడం కన్నా, కాక్టస్‌లలో మహావృక్షమంత ఎదిగే కార్దోన్లను వాటి సొంత నేల మీదే చూపించాలనిపించింది. ఆయన అమెరికా వీసా చెల్లుబాటులో ఉన్నందున మెక్సికోకు వేరే వీసా అవసరం లేదు. ఏప్రిల్ రెండో వారంలో, పూలు పూసే కాలం చూసుకుని, కారులో బాహా కాలిఫోర్నియాకు బయలుదేరాం.

బాహా కాలిఫోర్నియా మెక్సికోకు వాయవ్యాన చేయి చాచినట్టు పొడవుగా దిగిన ద్వీపకల్పం. పడమట పసిఫిక్ మహాసముద్రం, తూర్పున కాలిఫోర్నియా సింధుశాఖ, నడుమ వెన్నెముక లాంటి కొండలు ఉంటాయి. ఈ కొస నుంచి ఆ కొసకు తారు రోడ్డు పడింది 1973లోనే. మొదటి రోజు ప్రయాణంలో చెప్పుకోదగ్గది తక్కువ. తిహువానా, ఎన్సెనాదా దాటి, సాన్ కింతీన్ దగ్గర టమాటా, స్ట్రాబెర్రీ తోటల్లో డ్రిప్పు పైపులు కనిపించగానే నాయన కారు ఆపించి, దిగి, గట్టు మీద నుంచే వాటిని చాలాసేపు చూశాడు. మా జిల్లాలో డ్రిప్పు ఎరుగని రైతు ఉండడు. చీకటి పడేసరికి ఎల్ రొసారియో చేరాం. అక్కడి నుంచి రోడ్డు సముద్రాన్ని వదిలి ఎడారి లోపలికి మళ్లుతుంది. ఆ తరువాత చాలా దూరం పెట్రోలు బంకులు ఉండవు కాబట్టి ట్యాంకు నిండుగా పట్టించి, నీళ్ల క్యాన్లు రెండు అదనంగా కొన్నాం.

రెండో రోజు పొద్దున ఊరు దాటి కొండ ఎక్కుతుండగా మొదట కనిపించినవి కార్దోన్లు కావు, సిరియోలు. తలకిందులుగా పాతిన ముల్లంగి దుంపల్లా, అడుగున లావుగా పైకి పోను పోను సన్నగా, ఒళ్లంతా పుల్లల్లాంటి చిరుకొమ్మలతో నిలబడే వింత చెట్లవి. చూడటానికి కాక్టస్‌కు చుట్టంలా ఉన్నా వేరే కుటుంబానికి చెందినవి. స్పానిష్ భాషలో సిరియో అంటే చర్చిలో వెలిగించే పొడవాటి కొవ్వొత్తి. ఈ ప్రాంతానికి వాటి పేరుతోనే సిరియోల లోయ అని పేరు వచ్చింది. 1980లో మెక్సికో ప్రభుత్వం ఇక్కడ సుమారు 25 లక్షల హెక్టార్ల నేలను వృక్ష, జంతు సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. సముద్రపు పొగమంచు అందే వైపున ఈ చెట్ల మీద, ముళ్ల మొక్కల మీద బూడిదరంగు నాచుగుత్తులు వేలాడుతున్నాయి. ఇక్కడి పసిఫిక్ తీరాన పారే ప్రవాహం చల్లనిది. దానివల్ల మంచు కమ్ముతుంది గాని వాన పడదు.

కతవీన్యా అనే పల్లె చేరేముందు నేల రూపు మారిపోయింది. గుండ్రంగా అరిగిన గ్రానైట్ బండలు ఇంటంతేసి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు దిగంతం దాకా పరుచుకున్నాయి. నాయన అద్దం దించి, "ఇది మన పెనుకొండే కదా" అన్నాడు. నిజమే, బండల వరకు చూస్తే పెనుకొండ, గుత్తి దారుల్లో వెళుతున్నట్టే ఉంది. కానీ ఆ బండల సందుల్లోంచి మూడు నాలుగు నిలువుల ఎత్తున, పచ్చని స్తంభాల్లా, చేతులెత్తిన మనుషుల్లా వందలకొద్దీ లేచి నిలిచినవి మా సీమలో ఎక్కడా లేవు. అవే కార్దోన్లు.

స్పానిష్‌లో కార్దో అంటే ఒక రకం ముళ్లచెట్టు, కార్దోన్ అంటే పెద్ద ముళ్లచెట్టు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు పాకిసీరియస్ ప్రింగ్లీ. అందులో మొదటి మాటకు లావు కొవ్వొత్తి అని అర్థం. రెండోది 19వ శతాబ్దంలో మెక్సికో అంతా తిరిగి మొక్కలు సేకరించిన అమెరికన్ సైరస్ ప్రింగిల్ జ్ఞాపకార్థం పెట్టింది. కాక్టస్ జాతులన్నిటిలోకీ అత్యంత ఎత్తుకు ఎదిగేవాటిలో ఇదొకటి. మామూలుగా పది మీటర్ల దాకా పెరుగుతుంది, 19 మీటర్లు దాటినదాన్ని కూడా కొలిచారు. అరిజోనాలో ప్రసిద్ధమైన సగ్వారోకు ఇది దగ్గరి చుట్టమే అయినా, కార్దోన్ మాను ఇంకా లావు, కొమ్మలు నేలకు దగ్గరగా విడతాయి, నిలువు గీట్లు తక్కువ.

మేము ఒక పెద్ద చెట్టు దగ్గరకు నడిచాం. నాయన మొదట దాని చుట్టూ తిరిగి వచ్చాడు. ముదిరిన మాను అడుగున ముళ్లు రాలిపోయి, బెరడు బూడిదరంగులో ఏనుగు కాలిలా గరుకుగా ఉంది. ఆయన చేతులు చాచి కొలిచి రెండు బారలకు జానెడు తక్కువని తేల్చాడు. తరువాత పైన పచ్చగా ఉన్నచోట గీట్లు లెక్కపెట్టి, "పదమూడు" అన్నాడు. ఆ గీట్లు చీర కుచ్చిళ్ల లాంటివని ఆయనకు చెప్పాను. వాన పడినప్పుడు మాను నీళ్లు తాగి ఉబ్బుతుంది, చర్మం చిరగకుండా కుచ్చిళ్లు విప్పుకుంటాయి. ఎండాకాలం సాగేకొద్దీ మళ్లీ లోతుగా ముడుచుకుంటాయి. ఆకులు లేవు కాబట్టి ఆకు చేసే పనిని ఆ పచ్చని చర్మమే చేస్తుంది. చర్మం మీది సన్నని రంధ్రాలు పగలు మూసుకుని ఉండి రాత్రి చల్లబడ్డాక తెరుచుకుంటాయి. రాత్రి పీల్చిన గాలిని దాచుకుని పగటి ఎండతో వంట చేసుకుంటుంది, అందువల్ల నీరు ఆవిరైపోవడం బాగా తగ్గుతుంది. ఇక్కడ ఏడాదికి పడే వాన 100 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుందని చెబితే నాయన ఏమీ మాట్లాడలేదు. మా అనంతపురంలో 550 మిల్లీమీటర్లు పడితేనే కరువు సీమ అంటాం. కాసేపటికి, "మనకు పడేదాంట్లో ఐదో వంతుతో ఇంత పెరిగిందా" అని మాను మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

కొద్ది దూరంలో గాలికి విరిగిపడిన కొమ్మ ఒకటి కనిపించింది. అది ఇంకా పచ్చిగానే ఉంది. విరిగిన చోట దళసరి చర్మం, దాని లోపల లేతాకుపచ్చ గుజ్జు, ఆ గుజ్జు నడుమ గుండ్రంగా వరుస కట్టిన చేవ పుల్లలు కనిపించాయి. నాయన వేలితో గుజ్జును తాకి, కలబందలాగా జిగురుగా ఉందన్నాడు. ఆయన అసలు వెతికింది పాల కోసం. మా గట్ల మీది బొమ్మజెముడును గిల్లితే తెల్లని పాలు కారతాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదమని పిల్లలను దాని దగ్గరకు పోనివ్వరు. కార్దోన్‌కు పాలు లేవు. బొమ్మజెముడుకు ముళ్లు జంటలుగా వస్తాయి, దీనికి గీటు మీద వరుసగా ఉన్న చిన్న నూగు దిండ్ల నుంచి గుత్తులుగా వస్తాయి. రెండు వేర్వేరు కుటుంబాలు, రెండు వేర్వేరు ఖండాల్లో, ఒకే రకమైన కరువును తట్టుకోబోయి ఒకే రూపానికి చేరుకున్నాయి. అసలైన కాక్టస్ కుటుంబమంతా ఒక్క జాతి తప్ప అమెరికా ఖండాలకే పరిమితమైనది. "అట్లయితే మన నాగజెముడు?" అని ఆయన అడిగాడు. అది ఈ వైపు నుంచి మనకు వచ్చిందే.

ఆ కథ నాకు తెలుసు కాబట్టి బండ నీడలో కూర్చుని చెప్పాను. 18వ శతాబ్దం చివర్లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్, ఎర్ర రంగునిచ్చే కోచినీల్ పురుగును మేపడానికి సైదాపేటలో నాగజెముడు తోట వేయించాడు. 1795లో వచ్చిన పురుగు మేలురకం కాకపోవడంతో రంగు వ్యాపారం నిలవలేదు. నాగజెముడు జాతులు మాత్రం దక్షిణాదిన పొలాలనూ బంజర్లనూ కమ్ముకున్నాయి. చివరికి 1920ల్లో సింహళం నుంచి తెచ్చిన మరో రకం కోచినీల్ పురుగే వాటిని అదుపు చేసింది. నాయనకు పురుగు సంగతి తెలియదు గాని, నాగజెముడు పొదలు కొట్టించి చేను తీసిన తాత మాటలు గుర్తున్నాయి. పండ్లు తిని నోరు ఎర్రగా చేసుకున్న రోజులూ గుర్తున్నాయి.

ఆ మధ్యాహ్నమే మాకు ఇబ్బంది ఎదురైంది. బూట్లు వేసుకోమని నేను ఎంత చెప్పినా వినక నాయన చెప్పులతోనే నడిచాడు. చోయా అనే పొట్టి కాక్టస్ ముక్కలు ఆ నేలంతా రాలి ఉంటాయి. ఒకటి ఆయన మడమకు అతుక్కుంది. దాని ముళ్లకు కంటికి కనిపించని వెనుకపళ్లు ఉంటాయి కాబట్టి చేత్తో లాగితే చేతికే అంటుకుంటుంది. దువ్వెనను ముక్కకూ చర్మానికీ నడుమ దూర్చి ఒక్క ఊపున చిమ్మాలని చదివి ఉండటం అక్కరకు వచ్చింది. లోపల దిగిన ముళ్లను ఆయనే, తాళాల గుత్తికి ఎప్పుడూ కట్టి ఉండే శ్రావణంతో ఒక్కొక్కటిగా తీసుకున్నాడు. పదకొండు వచ్చాయి. ఆయనకన్నా నేనే ఎక్కువ బెదిరాను. మరుసటి పొద్దున మారుమాట లేకుండా బూట్లు తొడుక్కున్నాడు.

మూడో రోజు తూర్పుకు తిరిగి బాహియా దె లోస్ ఆంహెలెస్ అనే పల్లెకు దిగాం. దారిలో ఒక మేకల దొడ్డి చుట్టూ దడి కనిపించింది, అంతా కార్దోన్ పుల్లలే. చచ్చిన చెట్టు గుజ్జు ఎండిపోయాక లోపలి చేవ పుల్లలు గట్టి వాసాల్లా మిగులుతాయి. ఇక్కడివాళ్లు వాటిని దడులకూ ఇళ్ల పైకప్పులకూ వాడుకుంటారు. పల్లె దగ్గర కొండలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. నీలి నీళ్లకు పది అడుగుల దూరంలో కూడా కార్దోన్లు నిలబడి ఉండటం నేను ముందుగా ఊహించనిది. సముద్రంలోని దీవుల మీదా ఉన్నాయి. ఒక చెట్టు తల మీద చేపలు పట్టే డేగ పుల్లలతో గంపంత గూడు కట్టుకుంది. ఆ పక్క చెట్టుకు వడ్రంగిపిట్ట తొలిచిన రంధ్రం, దాని అంచు చుట్టూ చెట్టు తానే కట్టుకున్న గట్టి పొర కనిపించాయి.

సాయంత్రం ఊరి వెనుక వాలు మీదికి ఎక్కాం. పైన నిలబడితే దిగువ చెట్టు కొమ్మ తల ఒకటి మా కళ్ల ఎత్తుకు వచ్చింది. దాని మొగ్గలు గోధుమరంగు నూగుతో, పిల్లి చెవుల్లా మెత్తగా ఉన్నాయి. పొద్దు గుంకేవేళకు నాలుగు విచ్చుకున్నాయి. వేలి పొడవున గరాటులాంటి తెల్లని పూలు, లోపల కిక్కిరిసిన కేసరాలు. బాగా చీకటి పడ్డాక గబ్బిలాలు వచ్చాయి. ఇవి పొడవు ముక్కు గబ్బిలాలు, వసంతంలో పూలు పూసే వరుసను పట్టుకుని మెక్సికో దక్షిణం నుంచి ఉత్తరానికి వలస వస్తాయి. టార్చి వెలుతురును పూల మీద వేయకుండా నేల మీద పెట్టి, వెన్నెల సాయంతో చూశాం. రెక్కల చప్పుడు ముందు వినిపించింది. తరువాత ఒక నీడ పువ్వు ముందు గాల్లోనే ఆగి, తల లోపల పెట్టి, రెప్పపాటులో వెళ్లిపోయింది. కొంతసేపటికి ఇంకొకటి. నాయన నా చెయ్యి పట్టుకుని ఊపిరి బిగబట్టి చూస్తుండటం నాకు తెలుస్తూనే ఉంది. అమెరికా తన అంతరించే జాతుల జాబితా నుంచి 2018లో తీసివేసిన గబ్బిలం ఇదే. దశాబ్దాల పాటు రెండు దేశాలూ గుహలను కాపాడి దీన్ని నిలబెట్టుకున్నాయి. ఈ చెట్లలో మగవీ, ఆడవీ, రెండూ కలిసినవీ వేర్వేరుగా ఉంటాయని జీవశాస్త్రవేత్త థియొడోర్ ఫ్లెమింగ్ బృందం 1994లో ప్రచురించింది. మొక్కల్లో ఇలాంటి ఏర్పాటు అరుదు.

నాలుగో రోజు వేకువన, ఎండ ఎక్కకముందే, చెట్ల తలల మీద రాబందులు రెక్కలు బార్లా విప్పి తూర్పుకు తిరిగి కూర్చుని ఉన్నాయి. రాత్రి చలికి బిగుసుకున్న ఒళ్లు కాచుకుంటాయట. సముద్రానికి అవతలి తీరాన సోనోరాలో ఉండే సేరి ప్రజల గురించి అప్పుడు నాయనకు చెప్పాను. బిడ్డ పుట్టినప్పుడు మావిని సగ్వారో మొదట్లోనో కార్దోన్ మొదట్లోనో పాతిపెట్టే ఆచారం వాళ్లకు ఉండేది. ఆయన అవతలి తీరం వైపు చూస్తూ, "నీది మన ఇంటి ఎనక చింతచెట్టు కింద పెట్టింది మీ అవ్వ" అన్నాడు. ఆ సంగతి అప్పటిదాకా నాకు తెలియదు.

తిరుగు ప్రయాణానికి ముందు ఆయన ఒక పొద కింద వంగి నన్ను పిలిచాడు. ముళ్లపొద నీడలో జానెడు ఎత్తున కార్దోన్ పిల్ల ఉంది. అది అక్కడికి రావడానికి ఎన్నో ఏళ్లు పట్టి ఉంటుంది. చిన్నప్పుడు ఇలా ఏదో ఒక పొద చాటున ఎండ నుంచీ మంచు నుంచీ దాక్కోకపోతే ఈ చెట్లు బతకవు. వట్టి రాతి మీద కూడా కొన్ని మొలుస్తాయి. వేళ్లలోనూ గింజల్లోనూ ఉండే బాక్టీరియా రాయిని కరిగించి వాటికి ఆహారం అందిస్తుందని ఈ ద్వీపకల్పం దక్షిణాన ఉన్న లా పాజ్ నగరంలో శాస్త్రవేత్త యోవావ్ బాషాన్, ఆయన సహచరులు కనుగొన్నారు. నేను అది చెబుతుండగానే నాయన జేబులోంచి ఎండిన కాయ ఒకటి తీశాడు. కిందటి ఏడాది రాలింది కాబోలు, బంగారురంగు ముళ్లతో బంతిలా ఉంది, పగులులో నల్లని గింజలు నాలుగైదు అతుక్కుని ఉన్నాయి. మన గట్టు మీద వేద్దామని ముందురోజు ఏరుకున్నాడట. కాక్టస్ జాతులను దేశాలు దాటించడం మీద అంతర్జాతీయ ఆంక్షలున్నాయని, సరిహద్దు దగ్గర విత్తనాలు పట్టుకుంటారని చెప్పబోయాను. ఆయన మధ్యలోనే చెయ్యి అడ్డం పెట్టి, "నాగజెముడు కత చెప్పినావు కదమ్మా, చాల్లే" అన్నాడు. కాయను ఆ పొద కిందే, పిల్లకు కాస్త ఎడంగా పెట్టి, జేబు తిరగదీసి దులుపుకుని, కారు వైపు నడిచాడు.