ట్రస్టీకి మరో అయిదేళ్లు ఇచ్చే ముందు

అమెరికాలో మేముంటున్న వాషింగ్టన్ రాష్ట్రంలో, రెండేళ్ల కోర్సులు, వృత్తి విద్య అందించే ప్రభుత్వ కమ్యూనిటీ, టెక్నికల్ కాలేజీలను జిల్లాలుగా విభజించారు. ప్రతి కాలేజీ జిల్లాకీ దాన్ని నడిపే అయిదుగురు సభ్యుల ట్రస్టీల బోర్డు ఉంటుంది. వారిని గవర్నరు అయిదేళ్ల కాలానికి నియమిస్తారు, రాష్ట్ర సెనేట్ ఆమోదించాలి. పదవీకాలం అక్టోబరు 1న మొదలవుతుంది. గడువు తీరిన ట్రస్టీనే మళ్లీ నియమించినప్పుడు, స్థానిక పత్రికలో రెండు వాక్యాలు వస్తే గొప్ప. ఆ పునర్నియామకాన్ని ఉత్తి గడువు పొడిగింపులాగా చూడటం నాకు సరిగా తోచదు.

కారణం ఈ కాలేజీల చరిత్రలోనే ఉంది. కర్క్‌లాండ్‌లోని లేక్ వాషింగ్టన్, రెంటన్, టకోమాలోని బేట్స్, లేక్‌వుడ్‌లోని క్లోవర్ పార్క్, బెల్లింగ్‌హామ్ అనే అయిదు టెక్నికల్ కాలేజీలూ 1991 వరకు స్థానిక పాఠశాల జిల్లాల (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థల) అధీనంలో ఉండేవి. ఆ జిల్లాల బోర్డు సభ్యులను ఓటర్లు ఎన్నుకుంటారు. ఆ ఏడాది వచ్చిన చట్టం వీటిని రాష్ట్ర కాలేజీ వ్యవస్థలో చేర్చడంతో, ఎన్నికైనవారి స్థానంలో నియమితులు వచ్చారు. కాబట్టి ఒక ట్రస్టీ పనితీరును బయటివారు ప్రశ్నించే సహజమైన సందర్భం ఒక్క పునర్నియామకమే. పైగా కొత్తవారు వచ్చేదాకా పాతవారే కొనసాగాలని చట్టం చెబుతోంది గనుక, గవర్నరు కార్యాలయం ఏమీ తేల్చకపోయినా ఆ కుర్చీ ఖాళీ కాదు.

ఆ కుర్చీలో కూర్చున్నవారు చేసే పని చిన్నదేమీ కాదు. కాలేజీ ప్రెసిడెంటును నియమించడం, బడ్జెట్‌ను ఆమోదించడం అందరికీ తెలిసినవే. నా దృష్టిలో అంతకన్నా బరువైనది అధ్యాపకులకు టెన్యూర్, అంటే శాశ్వత ఉద్యోగ భద్రత, ఇవ్వడం. సహాధ్యాపకులతో పాటు ఒక విద్యార్థి కూడా ఉండే సమీక్షా సంఘం సిఫారసు చేస్తుంది. తుది నిర్ణయం మాత్రం ట్రస్టీలదే. నేను ఒకసారి వెళ్లి కూర్చున్న సమావేశంలో వెల్డింగ్ బోధించే ఒకాయన విషయం ఓటుకు వచ్చింది. ఒక ట్రస్టీ ఆయన ఫైలులో అక్కడక్కడా రంగు చీటీలు అంటించుకుని వచ్చి, సాయంత్రం బ్యాచ్ విద్యార్థుల అభిప్రాయాలు మొదటి ఏడాదికీ రెండో ఏడాదికీ ఎందుకు మారాయని అడిగారు. మరొకరు ఫైలు తెరవకుండానే చెయ్యెత్తారు. ముగ్గురుంటే కోరం (సమావేశానికి కావాల్సిన కనీస సంఖ్య) సరిపోయే బోర్డులో ఆ ఇద్దరి మధ్య తేడా చాలా పెద్దది.

అందుకే, మొదటి అయిదేళ్లూ చదివి పనిచేసినవారికి రెండో దఫా ఇవ్వడమే మేలని నా అభిప్రాయం. కాలేజీ నిధుల లెక్కలు, యూనియన్ ఒప్పందాలు ఒంటబట్టడానికే రెండేళ్లు పడుతుంది. అయితే టెక్నికల్ కాలేజీ బోర్డులో వ్యాపార రంగం నుంచి ఒకరు, కార్మిక వర్గం నుంచి ఒకరు కనీసం ఉండాలన్న నిబంధన ఉంది. కార్మికుల తరఫున వచ్చిన మనిషి పనిముట్టు వదిలి పదేళ్లయితే, మళ్లీ అదే స్థానంలో నియమించే ముందు ఆగి ఆలోచించాలి.

మన తెలుగువారి సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. ట్రస్టీ కావాలంటే ఆ కాలేజీ జిల్లాలో నివాసముండి, ఓటు హక్కు కలిగి ఉండాలి. రెడ్‌మండ్, కర్క్‌లాండ్ ప్రాంతాల్లో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీదున్న వేలమందికి, పన్నులు కడుతున్నా, ఆ అర్హత లేదు. మన తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లను సాంకేతిక విద్యాశాఖే నడుపుతుంది కాబట్టి, ఇలాంటి బోర్డు ఒకటి ఉంటుందన్న ఊహే మనలో చాలామందికి రాదు. కానీ సమావేశాలు బహిరంగం. తుది నిర్ణయాలు తీసుకునే సాధారణ సమావేశాల్లోనో వాటికి ముందో ప్రజల అభిప్రాయాలు తీసుకోవాలని 2022లో చట్టాన్ని సవరించారు. మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు.

ఈసారి గవర్నరు కార్యాలయానికి నేను రాసిన ఉత్తరంలో ఎవరినీ సమర్థించలేదు, వ్యతిరేకించలేదు. గడువు తీరుతున్న ట్రస్టీ ఎన్ని సమావేశాలకు హాజరయ్యారో, ప్రెసిడెంటు వార్షిక సమీక్షలో ఏ పాత్ర వహించారో, మళ్లీ కొనసాగాలని ఎందుకు కోరుకుంటున్నారో నియామకానికి ముందే ప్రకటించమని మాత్రం అడిగాను.