ఒకే నంబరు, రెండు విమానాలు

నేను ఎయిర్‌పోర్ట్ కంట్రోల్ రూమ్‌లో చేరి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. ముందురోజు రాత్రి రావాల్సిన ఒక ఫ్లైట్ దాదాపు ఇరవై రెండు గంటలు ఆలస్యమైంది. అది దిగే వేళకి, అదే నంబరుతో ఆ రోజు రావాల్సిన ఫ్లైట్ కూడా దారిలో ఉంది. ముందుది దిగింది. దిగినట్టు మెసేజ్ మా సెంట్రల్ డేటాబేస్‌లోకి వచ్చింది. వచ్చి, రెండోదానికి అతుక్కుంది.

ఇంకా గాల్లో ఉన్న విమానం దిగిపోయినట్టు బోర్డులన్నీ చూపించాయి. దానికి కేటాయించిన ఆరో బెల్ట్ నంబరు స్క్రీన్ల మీదికి వచ్చింది. సామాన్లు మాత్రం మూడో బెల్ట్ మీద తిరుగుతున్నాయి. అసలే ఒక రోజు పోగొట్టుకున్న ప్రయాణికులు ఖాళీ బెల్ట్ చుట్టూ నిలబడ్డారు. వీల్‌చెయిర్‌లో ఉన్న ఒక పెద్దాయన నన్ను పిలిచి, "ఇక్కడే అని రాసుంది కదమ్మా?" అని అడిగారు. అవును, రాసుంది. రాసింది మేమే. ఆ ప్రశ్న ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మేం ఏఓడీబీ అని పిలిచేది ఈ డేటాబేస్‌నే. మార్చి చివరి ఆదివారం వేసవి షెడ్యూల్, అక్టోబర్ చివరి ఆదివారం శీతాకాలం షెడ్యూల్ మొదలవుతాయి. ఆ షెడ్యూళ్లన్నీ ముందే ఇందులోకి ఎక్కుతాయి. రోజు మొదలయ్యాక విమానయాన సంస్థల మెసేజ్‌లు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ నుంచి వచ్చే వివరాలు, విమానం నిలిపే చోటు, అంటే స్టాండ్ మార్పులు, విమానం ఆగాక కదలకుండా చక్రాలకు చాక్స్ అనే దిమ్మలు వేసిన సమయం ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. బోర్డులు, అనౌన్స్‌మెంట్లు, బ్యాగేజ్ సిస్టమ్, చివరికి పార్కింగ్ బిల్లు కూడా దీన్నే చూసి నడుస్తాయి. అందుకే ఇక్కడ ఒక తప్పు పడితే అందరికీ ఒకేసారి, ఒకేలా చేరుతుంది. తప్పని అనుమానం కూడా రాదు.

ఫ్లైట్ నంబరు ఉంటే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. రోజూ అదే నంబరు తిరిగి వస్తుంది. ఒకే విమానంలో సీట్లను వేర్వేరు సంస్థలు తమ తమ నంబర్లతో అమ్ముకునే కోడ్‌షేర్ వల్ల ఒకే విమానానికి మూడు నాలుగు నంబర్లు ఉంటాయి. డేటాబేస్‌లో సమయాలు ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ సమయంలో ఉంటాయి కాబట్టి అక్కడ తేదీ మారే గడియ వేరు, మన గోడ గడియారంలో అర్ధరాత్రి వేరు. ఆ రోజు మా సిస్టమ్‌లో ఉన్న నియమం ఏమిటంటే, దిగిన సమయానికి ఏ షెడ్యూల్ దగ్గరగా ఉంటే మెసేజ్‌ని దానికే కలిపేయడం. అరగంట, గంట ఆలస్యాలకు అది బాగానే పనిచేసింది. ఇరవై రెండు గంటలకు బోల్తా పడింది.

తర్వాత రెండు మార్పులు చేశాం. ముందు విమానం రిజిస్ట్రేషన్, అంటే ఒక్కో విమానానికి వేరుగా ఉండే గుర్తింపు అక్షరాలు చూడాలి. అప్పటికీ తేలకపోతే దేనికీ అతికించకుండా, మనిషి చూసే వరుసలో పెట్టాలి. నాకు ఎక్కువ ఇష్టమైనది ఈ రెండోదే. తనకు తేలని విషయాన్ని తేలలేదని చెప్పే సిస్టమ్‌ని నేను నమ్మగలను.

నమ్మకమైన సిస్టమ్ అనగానే రెండు సర్వర్లు పెట్టాం, ఒకటి పడిపోతే ఇంకోటి ఉంది అని ధైర్యంగా చెబుతారు. 2023లో జరిగిన రెండు సంఘటనలు చదివాక నాకు ఆ ధైర్యం తగ్గింది. జనవరి 11న అమెరికాలో పైలట్లకు హెచ్చరికలు పంపే నోటమ్ వ్యవస్థ ఆగిపోయి, దేశమంతటా టేకాఫ్‌లు కాసేపు నిలిపేశారు. అసలు డేటాబేస్‌నీ బ్యాకప్‌నీ ఒకదానితో ఒకటి సరిపోయేలా చేసే పనిలో ఉన్న కాంట్రాక్ట్ సిబ్బంది పొరపాటున ఫైళ్లు డిలీట్ చేశారని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ తేల్చింది. బ్యాకప్‌ని కాపాడుకునే పనే ప్రమాదమైంది.

ఆగస్టు 28న బ్రిటన్‌లో జరిగింది ఇంకా ఆలోచింపజేస్తుంది. ఒక ఫ్లైట్ ప్లాన్‌లో డీవీఎల్ అనే పేరుతో రెండు వేర్వేరు చోట్లు ఉన్నాయి. ఒకటి ఫ్రాన్స్‌లోని డోవిల్, ఇంకొకటి అమెరికాలోని డెవిల్స్ లేక్. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో ఈ ప్లాన్‌లు చదివే సిస్టమ్‌కి దారి అర్థం కాక, కంట్రోలర్లకు తప్పు సమాచారం పంపకూడదని తనంతట తానే ఆగిపోయింది. వెంటనే దాని బదులు సిద్ధంగా ఉంచిన స్టాండ్‌బై సిస్టమ్ అందుకుంది. దానికీ అదే ప్లాన్ అందింది, దానిలోనూ అదే సాఫ్ట్‌వేర్. అదీ ఆగిపోయింది. ఏడు లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. ఒకే పేరు, రెండు చోట్లు! అది చదువుతుంటే ఆ రాత్రి మా బెల్టే కళ్లముందు కదిలింది.

ఇప్పుడు మా దగ్గర పావుగంటకోసారి రాబోయే ఆరు గంటల ఫ్లైట్ల జాబితా, ఏఓడీబీతో సంబంధం లేని వేరే కంప్యూటర్‌లో మామూలు ఫైల్‌గా పడుతుంది. రద్దీ లేని వేళ చూసుకుని స్టాండ్‌బైకి నిజంగానే మారి, కొన్ని గంటలు దాని మీదే నడుపుతాం. మొదటిసారి చేసినప్పుడు గదిలో అందరికీ టెన్షనే. బోర్డులు మారాయి గానీ అనౌన్స్‌మెంట్లు పాత సర్వర్ వైపే చూస్తూ మూగబోయాయి. ఆ లోపం మామూలు రోజున బయటపడి ఉండేది కాదు.

మొన్న రాత్రి తేలని మెసేజ్‌ల వరుసలో మూడు పడ్డాయి. రెండిటిని కాగితాలు చూసి సరిపెట్టాను. మూడోదాని కోసం స్టాండ్ దగ్గర డ్యూటీలో ఉన్న అతనికి ఫోన్ చేసి, తోక దగ్గర రాసి ఉన్న అక్షరాలు చదవమన్నాను. వర్షంలోకి నడిచి వెళ్లి, ఒక్కో అక్షరం రెండేసి సార్లు చదివాడు. అప్పుడు అతికించాను.